దారి తెరిచేది ఒకరు, పరుగెత్తేది మరొకరు



ఈ వారం ఒక ఆటగాడి జీవితాన్ని మీ ముందు పెట్టాలని ఆశపడుతున్నాము. ఆయన పదిహేను సీజన్లు ఆడాడు. తన ఆటలో అన్నిటికంటే పెద్ద విజయాన్ని రెండుసార్లు చూశాడు. అయినా బంతి విసరడం గాని, పట్టుకోవడం గాని, బంతితో పరుగెత్తడం గాని ఆయన పని కాదు. తన వెనుక ఉన్నవాడి మీద పడబోయే దెబ్బకు తాను అడ్డం నిలబడాలి. ఎదుటి వరుసలో సందు చేసి ఇంకొకరిని ముందుకు పంపాలి. పదిహేను సీజన్లూ ఆయన చేసింది అదే.

ఆయన పేరు ఆర్ట్ షెల్. అమెరికాలో ఆడే ఫుట్‌బాల్‌లో ముందు వరుస ఆటగాడు. అక్కడ ఇటువంటివారిని లైన్‌మెన్ అంటారు. మన ఊళ్ళలో లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడు గుర్తుకొస్తాడు. ఈయన కూడా ఒక విధంగా అటువంటివాడే. ఇంట్లో దీపం వెలిగినంతకాలం లైన్‌మన్‌ను ఎవరూ తలచుకోరు. కరెంటు పోయినప్పుడే అందరికీ గుర్తుకొస్తాడు.

మాకు ఈయన సంగతి ఎలా తెలిసిందంటే, మా సంఘంలోని ఒక కుటుంబంవారి అబ్బాయి అమెరికాలో చదువుకుంటూ పోయిన క్రిస్మస్‌కు ఇంటికి వచ్చాడు. ఒక సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చొని ఫోనులో ఆ ఆట చూపించాడు. మాకు ఏమీ అర్థం కాలేదు. "బాబూ, ముందు వరుసలో ఈ భారీ మనుషులు ఒకరినొకరు తోసుకోవడం తప్ప ఏమి చేస్తున్నారు?" అని అడిగాము. ఆ అబ్బాయి నవ్వి, "అయ్యగారూ, వాళ్ళు తోసినంతసేపే మిగతావాళ్ళ ఆట అండి" అన్నాడు. ఆ తరువాత షెల్ గురించి చెప్పాడు. విన్నది చాలక మేము కూడా వెతికి చదువుకున్నాము.

ఆ వరుసలో ఏమి జరుగుతుంది

ముందుగా ఆట కొంచెం అర్థం కావాలి. ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు అవకాశాలు, పోకపోతే బంతి అవతలివారికి. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతి అందుకొని దూరంగా ఉన్నవాడికి విసురుతాడు, లేదా పరుగెత్తేవాడి చేతికి ఇస్తాడు. ఆయన ఆ పని చేయడానికి రెండు మూడు క్షణాలు కావాలి. ఆ రెండు మూడు క్షణాలు సంపాదించి పెట్టేవారే ఈ ముందు వరుసవారు. మొత్తం ఐదుగురు. మధ్యలో సెంటర్, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు గార్డులు, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు టాకిళ్ళు. ఆర్ట్ షెల్ ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్.

మన పిల్లలు ఆడే కబడ్డీ తలచుకోండి. కూతకు వెళ్ళి ఇద్దరిని ఔట్ చేసి వచ్చినవాడికి చప్పట్లు. ఇవతల చేయి చేయి పట్టుకొని గొలుసుగా నిలబడినవారిలో ఒకడు చేయి వదిలితే మాత్రం అందరూ వాడినే తిడతారు. అక్కడా అంతే. మామూలుగా ఈ ఐదుగురు ముందుకు విసిరిన బంతిని పట్టుకోవడానికి నిబంధనలే ఒప్పుకోవు. ఎదుటివాడిని చేత్తో పట్టి ఆపితే తప్పు. అప్పుడు జట్టునంతా వెనక్కి పంపుతారు, మైదానమంతా వినబడేలా తప్పు చేసినవాడి నంబరు చెబుతారు. చక్కగా అడ్డం నిలిస్తే నంబరు చెప్పరు. షెల్ నంబరు 78.

ఆయన ఆడిన కాలంలో ఈ పని ఇంకా కష్టం. అడ్డుకునేటప్పుడు చేతులు చాపడానికి, అరచేతులు తెరవడానికి వీలు లేదు. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకొని, భుజంతో, ఒంటి బలంతో ఆపాలి. 1978లోగాని ఆ నిబంధన మారలేదు. ఎదుటివాడు మాత్రం హెల్మెట్ మీద అరచేత్తో బలంగా కొట్టి, తల తిరిగేలా చేసి పక్కనుంచి దూసుకుపోవచ్చు. దానిని 1977లో నిషేధించారు. అంటే తన ఆట జీవితంలో ఎక్కువ భాగం షెల్ తల మీద దెబ్బలు తింటూ, చేయి చాపకుండా నిలబడినవాడు.

చార్ల్‌స్టన్ బాలుడు

ఆర్ట్ షెల్ 1946 నవంబరు 26న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో పుట్టాడు. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారిని ఓడలలోనుంచి దింపిన రేవు పట్టణం అది. షెల్ పుట్టేనాటికి బానిసత్వం పోయి ఎనభై ఏళ్ళు దాటింది. అయినా తెల్లవారి పిల్లలకు ఒక బడి, నల్లవారి పిల్లలకు ఒక బడి. తండ్రి కాగితపు మిల్లులో కార్మికుడు. తోబుట్టువులందరిలో ఈయనే పెద్దవాడు. పదిహేనేళ్ళ వయసులో తల్లి చనిపోయింది. చిన్నవారిని చూసుకోవడంలో తండ్రికి చేదోడుగా నిలబడవలసి వచ్చింది.

ఇక్కడ మేము కొంతసేపు ఆగిపోయాము. ఎందుకు ఆగామో ముందుకు వెళ్ళాక చెబుతాము.

నల్లవారి పిల్లలు చదివే బాండ్స్-విల్సన్ హైస్కూల్లో షెల్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడాడు. రెండింటిలోనూ రాష్ట్రస్థాయి గుర్తింపు పొందాడు. అయితే ఆ రోజుల్లో దక్షిణాదిలోని పెద్ద విశ్వవిద్యాలయాల జట్లలో నల్లవారికి చోటు లేదు. అందుచేత ఇల్లు విడిచి వందల మైళ్ళు ఉత్తరానికి, ప్రిన్సెస్ ఆన్ అనే చిన్న ఊరిలో నల్లవారి కోసం నడిచే మేరీలాండ్ స్టేట్ కళాశాలకు వెళ్ళాడు. అక్కడ ఆడిన ఆటను చూసి 1968లో ఓక్లాండ్ రైడర్స్ జట్టు ఆయనను ఎంచుకుంది. ఆ సంవత్సరం ఆటగాళ్ళను ఎంచుకునే వరుసలో ఆయన 80వవాడు. అంటే ఆయన కంటే ముందు 79 మందిని ఎవరో ఒకరు కోరుకున్నారు.

వెళ్ళగానే ప్రధాన స్థానం దొరకలేదు. మొదటి రెండు సీజన్లు బంతిని కాలితో తన్నే సందర్భాలలో మాత్రమే దిగే ప్రత్యేక జట్లలో ఆడాడు. 1970లో ఎడమ చివర స్థానం ఆయనకు దక్కింది. ఆయన పక్కనే లెఫ్ట్ గార్డ్‌గా జీన్ అప్‌షా. ఇద్దరూ పేరులేని చిన్న కళాశాలల నుంచి వచ్చినవారే. ఏళ్ళ తరబడి భుజం భుజం కలిపి నిలబడ్డారు. షెల్ ఆరడుగుల ఐదు అంగుళాల మనిషి, సుమారు 120 కిలోల బరువు. చేరిన రోజు నుంచి వరుసగా 156 ఆటలు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. 1979లో గాయమై ఆ వరుస తెగింది. కోలుకొని తిరిగి వచ్చి మరో 51 ఆటలు ఆడాడు. మొత్తం 207.

కనబడని రోజు

1977 జనవరి 9న కాలిఫోర్నియాలోని పాసడీనాలో సూపర్ బౌల్ జరిగింది. ఆ ఆటలో ప్రతి సంవత్సరం జరిగే చివరి పెద్ద పోటీ అది. అవతల మిన్నెసోటా వైకింగ్స్. షెల్ ఎదురుగా జిమ్ మార్షల్ నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఒక్క ఆట కూడా తప్పకుండా ఆడుతూ వచ్చిన గొప్ప ఆటగాడు. ఆ రోజు రైడర్స్ 32-14తో గెలిచింది. బంతితో నేల మీద పరుగెత్తి మొత్తం 266 గజాలు సంపాదించింది. అందులో క్లారెన్స్ డేవిస్ ఒక్కడే 137 గజాలు పరుగెత్తాడు. బంతులు పట్టుకున్న ఫ్రెడ్ బిలెట్నికాఫ్‌కు ఆ రోజు ఉత్తమ ఆటగాడి బహుమానం ఇచ్చారు.

జిమ్ మార్షల్ లెక్క చూడండి. ఆయన పడగొట్టిన రైడర్స్ ఆటగాళ్ళు సున్నా. పడగొట్టడంలో ఇతరులకు సహాయం చేసినవి కూడా సున్నా. షెల్ ఆ రోజు ఎంత బాగా ఆడాడో తెలియాలంటే అవతలివాడి పేరు ఎదుట ఉన్న సున్నా చూడాలి. ఆయన సొంత పేరు ఎదుట రాయడానికి ఏమీ లేదు.

మా అమ్మగారు, అంటే పాస్టరమ్మగారు, ఇది విని ఒక మాట అన్నారు. "ఇంట్లో అన్నం మాడకపోతే వంటమనిషి సంగతి ఎవరూ ఎత్తరు కదండీ" అని. మేము వాదించలేదు. వాదించడానికి ఏమీ లేదు.

మన సంగతి ఆలోచించండి. మూడు రోజుల కూటాలు పెడతాము. ఫ్లెక్సీ మీద ప్రసంగీకుల ఫొటోలు వేస్తాము, పాటలు పాడేవారి పేర్లు వేస్తాము. గుంజలు పాతినవాడు ఎవరు? చీకటిలో జనరేటరు పక్కన డీజిలు డబ్బాతో కూర్చున్నవాడు ఎవరు? మూడు రోజులూ వంద మంది గిన్నెలు తోమిన అక్కలు ఎవరు? మైకు పలకకపోతే మాత్రం మైకు అబ్బాయి పేరు పందిరంతా వినబడుతుంది. బర్నబాను తలచుకోండి. యెరూషలేములో అందరూ భయపడి దూరం పెట్టిన సౌలును చేయి పట్టుకొని లోపలికి తీసుకువచ్చినవాడు ఆయన. తరువాత లోకమంతా పౌలు పత్రికలు చదివింది. బర్నబా దారి తెరిచాడు, పౌలు పరుగెత్తాడు.

కుర్చీ ఎక్కడం, దిగడం

షెల్ ఆడడం మాని 1983లో అదే జట్టులో ముందు వరుసవారికి కోచ్ అయ్యాడు. అప్పటికి ఆ జట్టు లాస్ ఏంజలిస్‌కు మారిపోయింది. ఆ సీజన్ చివరనే, 1984 జనవరిలో, రైడర్స్ మళ్ళీ సూపర్ బౌల్ గెలిచింది. మార్కస్ ఆలెన్ అనే ఆటగాడు 191 గజాలు పరుగెత్తి ఉత్తమ ఆటగాడు అయ్యాడు. ఆయన పరుగెత్తిన సందులు తెరిచినవారికి ఆ పని నేర్పినవాడు షెల్.

1989 ఆయన జీవితంలో గొప్ప సంవత్సరం. వేసవిలో ఆ ఆటలో మహామహులకు ఇచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అక్టోబరు 3న రైడర్స్ ఆయనను జట్టు మొత్తానికి హెడ్ కోచ్‌గా నియమించింది. ఇది ఎందుకు గొప్ప విషయమో చెప్పాలి. ఆ లీగులో ఆడేవారిలో ఎంతోమంది నల్లవారు. కాని వారిని నడిపించే పెద్ద కుర్చీలో 1920లలో ఫ్రిట్జ్ పొలార్డ్ తరువాత ఒక్క నల్లజాతివాడిని కూడా కూర్చోబెట్టలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆ తలుపు మూసి ఉంది. పొలార్డ్ 1986లో చనిపోయాడు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడం ఆయన చూడలేదు.

ఆరు రోజుల తరువాత, దేశమంతా టీవీలో చూస్తుండగా, షెల్ హెడ్ కోచ్‌గా తన మొదటి ఆట నడిపించాడు. న్యూయార్క్ జెట్స్ మీద 14-7తో గెలిచాడు. మరుసటి సంవత్సరం ఆయన జట్టు 16 ఆటలలో 12 గెలిచింది. అయితే ఫైనల్‌కు ఒక్క అడుగు ముందు బఫలో చేతిలో 51-3తో ఘోరంగా ఓడిపోయింది. 1994 సీజన్ తరువాత ఆయనను తీసేశారు. అప్పటికి 54 గెలుపులు, 38 ఓటములు. ఓడినవాటికంటే గెలిచినవి ఎక్కువ ఉన్నా ఉద్యోగం పోయింది.

ప్రియులారా, ఈ కథలో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది దీని తరువాతి సంగతి. జట్టు మొత్తానికి పెద్దగా ఉన్న మనిషి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు ఉన్న మనిషి, 1995లో కాన్సస్ సిటీ జట్టుకు ముందు వరుస కోచ్‌గా వెళ్ళాడు. అంటే ఆరేళ్ళ క్రితం వదిలి వచ్చిన పనే, వేరొకరి చేతి కింద. అక్కడి నుంచి అట్లాంటాకు వెళ్ళి నాలుగు సీజన్లు అదే పని చేశాడు. 1998లో అట్లాంటా జట్టు సూపర్ బౌల్ వరకు వెళ్ళింది. ఆ సీజన్లో జమాల్ ఆండర్సన్ 1,846 గజాలు పరుగెత్తాడు. మళ్ళీ అదే లెక్క. పరుగు ఆండర్సన్ పేరు మీద ఉంటుంది. దారి తెరిచిన ఐదుగురి పేర్లు వెతుక్కోవాలి. వారి వెనుక నిలబడి నేర్పినవాడి పేరు ఇంకా వెతుక్కోవాలి.

వేదిక మీద కుర్చీ ఎక్కడం మనలో చాలామందికి వస్తుంది. దిగి చాప మీద కూర్చోవడం దగ్గరే వస్తుంది ఇబ్బంది. సంఘ పెద్దగా పదేళ్ళు ఉన్న మనిషి పదవి పోయిన మరుసటి ఆదివారం నుంచి గుడికి రావడం మానేయడం మీరూ చూసి ఉంటారు. మా గుడిలో వెనుక వరుసలో ఒక ముసలి సువార్తికుడు కూర్చుంటాడు. ఒకప్పుడు పట్టణంలో పెద్ద సంఘాన్ని నడిపించినవాడు. ఇప్పుడు ఆదివారం ఉదయం ఏడు గంటలకే వచ్చి, చదవడం రాని పిల్లలకు అక్షరాలు దిద్దిస్తాడు. షెల్ కథ చదువుతున్నప్పుడు ఆయన ముఖం మా కళ్ళ ముందు మెదిలింది. అక్షరాలు నేర్చుకున్న ఆ పిల్లలే రేపు నిలబడి వాక్యం చదువుతారు. చప్పట్లు వారికి.

కథ చక్కగా ముగియలేదు

2006లో రైడర్స్ ఆయనను మళ్ళీ హెడ్ కోచ్‌గా పిలిచింది. అప్పటికి ఆ జట్టు తిరిగి ఓక్లాండ్ చేరింది. అందరూ సంతోషించారు. కాని ఆ సంవత్సరం 16 ఆటలలో 14 ఓడిపోయారు. ఆయన జట్టు క్వార్టర్‌బ్యాక్‌లను బంతి విసరకముందే ఎదుటివారు 72 సార్లు నేలకూల్చారు. ఆలోచించండి, క్వార్టర్‌బ్యాక్ నేలకూలకుండా కాయడమే జీవితమంతా పనిగా చేసిన మనిషికి ఆ లెక్క ఎంత బాధగా ఉండాలి! 2007 జనవరిలో ఆయనను మళ్ళీ తీసేశారు.

మేము ప్రసంగంలో చెప్పే కథలు సాధారణంగా విజయంతో ముగుస్తాయి. కష్టపడ్డాడు, ఓర్చుకున్నాడు, గెలిచాడు అని చెప్పి కూర్చుంటాము. ఈ కథ అలా ముగియదు గనుకనే దీనిని మీకు చెప్పాలనిపించింది. మన మధ్య ఎంతమంది కష్టపడి, ఓర్చుకొని, చివరికి ఓడిపోయినవారు లేరు! అప్పుచేసి మిరప వేసి, పండించి, ధర లేక కల్లంలోనే నష్టపోయినవారు ఈ మాటలు చదువుతున్నారు. వారితో విజయగాథలు ఎన్నని చెబుతాము?

అయితే ఇంకొక సంగతి ఉంది. షెల్‌ను రెండవసారి తీసేసిన ఒక నెలకు, 2007 ఫిబ్రవరి 4న, మయామిలో సూపర్ బౌల్ జరిగింది. ఒక జట్టుకు టోనీ డంజీ హెడ్ కోచ్. ఎదుటి జట్టుకు లవీ స్మిత్ హెడ్ కోచ్. ఇద్దరూ నల్లజాతివారే. ఆ పెద్ద పోటీకి నల్లజాతి హెడ్ కోచ్ రావడం అదే మొదటిసారి, అదీ ఇద్దరూ ఒకేసారి. ఎవరు గెలిచినా చరిత్రే. డంజీ జట్టు గెలిచింది. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆ తలుపు తోసినవాడు ఆ రోజు మైదానంలో లేడు, ఉద్యోగంలోనూ లేడు.

కోచ్‌గా ఆయన లెక్క 56 గెలుపులు, 52 ఓటములు. ఆ లెక్క నిజమే. ఆయన వెనుక వచ్చి ఆ తలుపులోంచి నడిచినవారిని మాత్రం ఆ లెక్కలో ఎక్కడా రాయరు.

మా ఊరి పెద్దకొడుకు

ఇప్పుడు, ముందు ఎందుకు ఆగామో చెబుతాము. మా సంఘంలో పదహారేళ్ళ అబ్బాయి ఒకడు ఉన్నాడు. పేరు చెప్పము. రెండేళ్ళ క్రితం తల్లి పచ్చకామెర్లతో చనిపోయింది. తండ్రి హమాలీ పని చేస్తాడు. బస్తాలు మోసి రాత్రి ఏ వేళకో ఇల్లు చేరతాడు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు. ఈ అబ్బాయి తెల్లవారుజామున లేచి అన్నం వండి, చెల్లెళ్ళకు జడలు వేసి, ముగ్గురినీ బడికి పంపి, తరువాత తాను వెళ్ళేవాడు. అలాగే పదవ తరగతి పాసయ్యాడు. పాలిసెట్ రాశాడు. మాకు చాలా దూరంలో ఉన్న పట్టణంలో డిప్లొమా సీటు వచ్చింది, హాస్టలు కూడా ఉంది.

సీటు వచ్చిన కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. సంతోషంగా వస్తాడనుకున్నాము. గుమ్మం దగ్గరే నిలబడి, "నేను పోతే చిన్నోళ్ళకు అన్నం ఎవరు వండుతారు అయ్యగారూ?" అని అడిగాడు. బంధువులు అప్పటికే తీర్పు చెప్పేశారు. చదువు చాలు, ట్రాక్టరు మీదికి పంపండి, నాలుగు డబ్బులు వస్తాయి అని.

మేము ఆ అబ్బాయికి ఆర్ట్ షెల్ కథ చెప్పాము. తల్లి పోయిన పెద్దకొడుకు ఇల్లు విడిచి చదువుకు వెళ్ళాడు అని చెప్పాము. వాడు శ్రద్ధగా విన్నాడు. చివరికి, "వాళ్ళ ఇంట్లో చిన్నోళ్ళను అప్పుడు ఎవరు చూసుకున్నారండి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని కదిలించింది. ఎందుకంటే వాడు అడిగింది సరైన ప్రశ్న. దారి తెరిచేవాడికి కూడా ఒకరు దారి తెరవాలి కదా! ముందు వరుస అంటే ఒక్క మనిషి కాదు, ఐదుగురు. షెల్ ఎంత బలవంతుడైనా పక్కన అప్‌షా లేకుండా ఎడమ వైపు నిలబడలేదు. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క పట్టుకున్నారు. ఈ అబ్బాయి రెండేళ్ళుగా ముగ్గురు పిల్లల ముందు ఒక్కడే అడ్డంగా నిలబడి ఉన్నాడు. వాడిని "శభాష్, మంచి పిల్లవాడు" అని మెచ్చుకొని వెళ్ళిపోవడం సులభం. మెప్పుతో అన్నం ఉడకదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారు స్త్రీల సమాజంలో ఈ మాట పెట్టారు. ఐదు కుటుంబాలు ముందుకు వచ్చాయి. ఐదు అని మేము లెక్కపెట్టి అడగలేదు, అలా కుదిరింది. వారానికి ఎవరు ఏ రోజు వండి పంపాలో రాసుకున్నారు. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చాక తండ్రి వచ్చేవరకు పక్కింటి మామ్మగారు వాళ్ళ దగ్గర ఉంటానన్నారు. చెల్లెళ్ళ జడల సంగతి మా అమ్మాయి తీసుకుంది.

తండ్రి ఇంకా ఒప్పుకోలేదు. "పెద్దోడు లేకపోతే ఇల్లు నిలబడదు అయ్యగారూ" అంటున్నాడు. ఆయన మాటలో కోపం లేదు, భయం ఉంది. భార్యను పోగొట్టుకున్న ఇంట్లో కొడుకును కూడా దూరం పంపాలంటే భయం ఉంటుంది. మేము మళ్ళీ వెళ్తాము. కళాశాలలో చేరడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

ఈ వ్యాసం చదువుతున్న మీలో ఈ అబ్బాయి వంటివారు ఉంటే, మీ పని మేము చూశాము అని చెప్పాలని ఉంది. మీ పేరు ఫ్లెక్సీ మీద పడకపోవచ్చు. మీరు నిలబడినందువల్ల నడిచి వెళ్ళినవారు ఉన్నారు. అటువంటివారు మీ ఇంటి పక్కన ఉంటే, ఈ వారం వెళ్ళి మెచ్చుకోవడంతో ఆగిపోకండి. వారి భుజం పక్కన మీ భుజం పెట్టడానికి ఏమి చేయగలరో అడగండి. ఒక పూట అన్నం కావచ్చు, ఒక బస్సు టికెట్టు కావచ్చు, ఒక సాయంత్రం కాపలా కావచ్చు.

ఈ తొమ్మిది రోజులు ఆ తండ్రి కోసం, ఆ అబ్బాయి కోసం మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు మిమ్మల్ని, మీ ఇంటివారిని దీవించునుగాక. ఆమేన్.